స్క్రీన్ కింద కోలన్ చూసి కంగారు పడ్డారా? పెద్ద ఫైళ్లను చిటికెలో చదివే ‘లెస్’ కమాండ్ గురించి తెలుసుకోండి!

“సార్, సిస్టమ్ హ్యాంగ్ అయిపోయిందండి. ఏం టైప్ చేసినా తీసుకోవట్లేదు.”

“హ్యాంగ్ అవ్వలేదమ్మా. క్యూ నొక్కు.”

కాకినాడ, భీమవరం, రాజమహేంద్రవరం.. ఎక్కడి ఇంజినీరింగ్ కాలేజీ అయినా సరే, లైనక్స్ ల్యాబ్ మొదలైన మొదటి నెలలో ఈ సంభాషణ ఒక్కసారైనా వినిపిస్తుంది. స్క్రీన్ నిండా ఇంగ్లిష్ లైన్లు ఉంటాయి. కింద ఎడమ మూలన ఒక కోలన్ గుర్తో, లేదంటే ‘ఎండ్’ అనే మాటో ఉంటుంది. ఎగ్జిట్ అని కొట్టినా పోదు, ఎస్కేప్ నొక్కినా పోదు. చివరికి విండో మొత్తం మూసేసి మళ్లీ మొదటికి వస్తారు.

ఆ కోలన్ వెనకున్న ప్రోగ్రామ్ పేరే ‘లెస్’. మ్యాన్ కమాండ్‌తో హెల్ప్ పేజీ తెరిచినా, గిట్‌లో పాత మార్పుల జాబితా చూసినా, చాలా సిస్టమ్‌లలో తెర మీద చూపించేది ఇదే. మనం పిలవకుండానే వచ్చేస్తుంది కాబట్టి చాలామందికి దాని పేరు కూడా తెలియదు. తెలిసినవాళ్లకు మాత్రం రోజూ అక్కరకొచ్చే పనిముట్టు.

ఇంతకీ ఏంటీ లెస్? తెలుసుకుంటే ఏం ఉపయోగం? ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌లోనే నేర్చుకోవచ్చా? చూద్దాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ కమాండ్ల పేర్లు తెలుగులో ఉన్నా, కీబోర్డులో టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే. పెద్ద అక్షరం కావాల్సిన చోట ‘పెద్ద’ అని విడిగా ఉంటుంది. లైనక్స్‌లో చిన్న జీ వేరు, పెద్ద జీ వేరు. అక్కడ పొరపాటు పడితే వేరే చోటికి వెళ్లిపోతారు.

పేరు వెనక కథ

1978లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో డేనియల్ హాల్బర్ట్ అనే విద్యార్థి ‘మోర్’ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఫైల్‌ను ఒక్కో స్క్రీన్ చొప్పున చూపించి, కింద ‘మోర్’ అని రాసి ఆగుతుంది. స్పేస్ నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది. పని బాగానే ఉంది కానీ, అప్పట్లో అది ముందుకే వెళ్లేది. దాటిపోయిన పేజీ మళ్లీ చూడాలంటే మొదటి నుంచి రావాల్సిందే.

ఆ ఇబ్బంది తీర్చడానికి మార్క్ నూడెల్‌మన్ 1983-85 మధ్య కొత్త ప్రోగ్రామ్ రాశాడు. వెనక్కి కూడా వెళ్లగలిగే మోర్ అన్నమాట. మోర్‌కు వ్యతిరేకం లెస్ కాబట్టి, సరదాగా ఆ పేరే పెట్టేశాడు. నలభై ఏళ్లు దాటినా అది ఇంకా వాడుకలో ఉంది, కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో లెస్ అంటే తక్కువ అని అర్థం. మన తెలుగులో మాత్రం ‘లెస్స’ అంటే మేలైనది. అనుకోకుండా కుదిరినా, ఈ ప్రోగ్రామ్‌కు తెలుగు అర్థమే ఎక్కువ సరిపోతుంది.

175 గేట్లూ ఎత్తేస్తే ఎలా?

టెక్స్ట్ ఫైల్ చూడటానికి అందరూ ముందుగా నేర్చుకునేది ‘క్యాట్’ కమాండ్. పది లైన్ల ఫైల్‌కి అది చాలు. పది లక్షల లైన్ల ఫైల్ మీద క్యాట్ కొడితే మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఒకేసారి ఎత్తినట్టే ఉంటుంది. లైన్లన్నీ తెర మీద పరుగెడతాయి. కంటికి ఆనేది ఏమీ ఉండదు, చివరి పాతిక లైన్లు తప్ప.

లెస్ చేసే పని వేరు. డెల్టా కాలువల హెడ్ స్లూయిస్ దగ్గర ఎంత నీరు కావాలో అంతే వదిలినట్టు, స్క్రీన్‌కు సరిపడా మాత్రమే ఫైల్‌లోంచి తీసుకుంటుంది. మిగతాది డిస్కులోనే ఉంటుంది. అసలు కిటుకు ఇదే. ఫైల్ మొత్తం చదివేదాకా ఆగదు కాబట్టి 5 కేబీ ఫైల్ అయినా, 5 జీబీ ఫైల్ అయినా దాదాపు ఒకే వేగంతో తెరుచుకుంటుంది. అదే 5 జీబీ ఫైల్‌ను మామూలు ఎడిటర్‌తో తెరిస్తే, అది మొత్తాన్ని మెమరీలోకి లాక్కోవడానికి ప్రయత్నించి, ‘నాట్ రెస్పాండింగ్’ అంటూ కూర్చుంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. లెస్‌లో ఫైల్‌ను చూడగలం కానీ మార్చలేం. ఎడిటర్‌లో లాగ్ ఫైల్ తెరిచి, తెలియకుండా ఓ అక్షరం కొట్టి, అలవాటుగా సేవ్ చేస్తే ఒరిజినల్ పోయినట్టే. పనిచేస్తున్న సర్వర్ మీద అలా జరిగితే తర్వాత సంజాయిషీ చెప్పుకోవాలి. లెస్‌లో ఆ భయం దాదాపు లేదు. ‘వీ’ నొక్కితే మాత్రం అదే ఫైల్ ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. పొరపాటున నొక్కితే ఏమీ సేవ్ చేయకుండా బయటికొచ్చేయండి.

ఏ కీ నొక్కితే ఏమవుతుంది?

లెస్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఫైల్ పేరు ఇచ్చి ఎంటర్ కొట్టాలి. అంతే, తెరుచుకుంటుంది. స్పేస్ నొక్కితే పేజీ ముందుకు, ‘బీ’ నొక్కితే పేజీ వెనక్కి. ఎంటర్ అయినా, కింది బాణం అయినా ఒక్కో లైన్ జరుగుతుంది. చిన్న జీ నొక్కితే ఫైల్ మొదటికి, పెద్ద జీ నొక్కితే చివరికి. 500 అని కొట్టి చిన్న జీ నొక్కితే 500వ లైన్ దగ్గర దిగుతారు. 50 అని కొట్టి పర్సెంట్ గుర్తు ఇస్తే ఫైల్ సరిగ్గా మధ్యకు చేరతారు. ‘హెచ్’ కొడితే కీలన్నిటి జాబితా వస్తుంది. బయటికి రావాలంటే క్యూ. ఈ క్యూ ఒక్కటి గుర్తున్నా పైన చెప్పిన ల్యాబ్ కంగారు ఉండదు.

అయితే లెస్‌ను పేజీలు తిప్పడానికే వాడితే సగం కూడా వాడినట్టు కాదు. దాని బలమంతా వెతకడంలో ఉంది.

ఉదాహరణకు గోదావరి వరదల సమయంలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం గంటకో లైన్ చొప్పున రాసుకున్న ఫైల్ ఉందనుకుందాం. తేదీ, గంట, అడుగులు, క్యూసెక్కులు. ఇక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారన్న సంగతి లంక గ్రామాల్లో చిన్నపిల్లలకూ తెలిసిందే. ఒక సీజన్‌లో నాలుగు నెలలు గంటకో లైన్ రాస్తే మూడు వేల లైన్లకు దగ్గర పడుతుంది. మూడో హెచ్చరిక స్థాయి ఎప్పుడు తాకిందో కంటితో వెతుకుతారా?

లెస్‌లో స్లాష్ గుర్తు కొట్టి, 17.75 అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మొదట కనిపించిన చోటికి తీసుకెళ్లి, ఆ అంకెలను వేరే రంగులో చూపిస్తుంది. ‘ఎన్’ నొక్కితే తర్వాతిది, పెద్ద ఎన్ నొక్కితే వెనకటిది. చివరి నుంచి వెనక్కి వెతకాలంటే స్లాష్‌కు బదులు ప్రశ్న గుర్తు వాడాలి.

ఇక్కడే కొత్తవాళ్లు ఓ చోట దెబ్బ తింటారు. లెస్ వెతుకులాటలో చుక్క అంటే చుక్క కాదు, ‘ఏదో ఒక అక్షరం’ అని అర్థం. అంటే 17.75 అని వెతికితే పక్క కాలమ్‌లో క్యూసెక్కుల సంఖ్యలో ఎక్కడో ఉన్న 17875 కూడా దొరికినట్టు చూపిస్తుంది. అచ్చంగా చుక్కే కావాలంటే దానికి ముందు వెనక్కి వాలిన స్లాష్ పెట్టాలి. ఇలా: 17\.75. ఈ చిన్న విషయం తెలియక, లేని హెచ్చరికను ఉందనుకునే ప్రమాదం ఉంది.

ఇక అందరికీ తెలియని అసలైన కీ.. అండ్ గుర్తు. & కొట్టి ఓ మాట ఇస్తే, ఆ మాట ఉన్న లైన్లు మాత్రమే మిగిలి మిగతావన్నీ దాక్కుంటాయి. ఫైల్ ఏమీ మారదు, చూపు మాత్రమే మారుతుంది. జులై లైన్లు మాత్రమే చూడాలనుకోండి. & కొట్టి ఆ నెల ఎలా రాసి ఉందో అలా ఇస్తే చాలు. & కొట్టి ఖాళీగా ఎంటర్ నొక్కితే అన్ని లైన్లూ తిరిగొస్తాయి. గుర్తు తర్వాత ఆశ్చర్యార్థకం పెట్టి మాట ఇస్తే దానికి రివర్స్‌లో, ఆ మాట లేని లైన్లే కనిపిస్తాయి.

ఫైల్‌లో కొత్త లైన్లు ఇంకా వచ్చి చేరుతుంటే? పెద్ద ఎఫ్ నొక్కి ఊరుకోండి. కింద ‘వెయిటింగ్ ఫర్ డేటా’ అని కనిపిస్తుంది. లైన్ పడగానే తెర మీదకు వస్తుంది, వరద రోజుల్లో గేజ్ దగ్గర కూర్చుని మట్టం చూస్తున్నట్టే. చాలు అనుకుంటే కంట్రోల్, సీ కలిపి నొక్కితే మామూలు స్థితికి వచ్చేస్తుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి వెతుక్కోవచ్చు కూడా. ఇదే పనికి వాడే ‘టెయిల్’ కమాండ్‌లో ఆ సౌకర్యం ఉండదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల సపోర్ట్ టీముల్లో రాత్రి షిఫ్టుల్లో సర్వర్ లాగ్‌లు చూసేవాళ్లకు ఇది చాలా పనికొచ్చేది ఇందుకే.

డోర్ నంబర్ 4-12 తేదీగా మారిపోతే..

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేనివాళ్లకు దీంతో పనేంటి అనుకోవచ్చు. నెట్ సెంటర్లో, సొసైటీ ఆఫీసులో, స్కూల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకూ పని ఉంది. బహుశా వాళ్లకే ఎక్కువ.

జాబితాలు ఇప్పుడు ఎక్కువగా సీఎస్‌వీ ఫైళ్లుగా వస్తాయి. పేరు, కామా, ఊరు, కామా, బ్యాంకు ఖాతా నంబర్, కామా.. ఇలా ఉండే మామూలు టెక్స్ట్ ఫైల్ అది. డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది కాబట్టి అది ఎక్సెల్ ఫైలే అనుకుంటారు. సమస్య అక్కడే మొదలవుతుంది.

ఎక్సెల్ తన తెలివితో కొన్ని మార్పులు చేసేస్తుంది. ఖాతా నంబర్ సున్నాతో మొదలైతే, ‘ఇది అంకె కదా, ముందు సున్నా ఎందుకు’ అని తీసేస్తుంది. అంకెలు 15 దాటితే ఆ పైన ఉన్నవాటిని సున్నాలుగా మార్చేస్తుంది. 16 అంకెల ఖాతా నంబర్‌లో చివరి అంకె అలా పోతుంది. 12 అంకెల ఆధార్ నంబర్‌ను దశాంశం, మధ్యలో ‘ఈ’ అక్షరంతో కుదించి చూపిస్తుంది. ఇక మన ఊళ్లలో డోర్ నంబర్లు 4-12, 2-15 ఇలాగే కదా ఉండేది. ఎక్సెల్ దృష్టిలో అవి తేదీలు. ఇంటి నంబర్ కాస్తా ఏదో నెలలో ఏదో రోజుగా మారిపోతుంది.

చూసి మూసేస్తే ఏం కాదు. పొరపాటున సేవ్ కొట్టారో, ఒరిజినల్ ఫైల్‌లో ఉన్న నంబర్లే మారిపోతాయి. వరద నష్టపరిహారం జాబితానో, స్కాలర్‌షిప్ జాబితానో అయితే, డబ్బు జమ కావాల్సిన ఖాతా నంబరే తప్పవుతుంది. సున్నాలు తీసేయకుండా ఆపే సెట్టింగులు ఎక్సెల్ కొత్త వెర్షన్లలో వచ్చాయి కానీ, పాత వెర్షన్లతో నడిచే సిస్టమ్‌లకు అవి ఉండవు. పైగా ఎక్సెల్ షీట్‌లో పట్టేది 10,48,576 లైన్లు మాత్రమే. అంతకంటే పెద్ద జాబితా తెరిస్తే కింది పేర్లు కనిపించవు. వార్నింగ్ వస్తుంది, ఓకే కొట్టేస్తారు.

లెస్‌లో ఈ గొడవ లేదు. ఫైల్‌లో ఏముందో అదే కనిపిస్తుంది. సున్నా ఉంటే సున్నా, 4-12 ఉంటే 4-12. అసలు పంపినవాళ్ల దగ్గరే తప్పుందా, మన దగ్గర తెరిచాక తప్పయిందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పొడుగు లైన్లు మడతపడి గజిబిజిగా కనిపిస్తే, లెస్ లోపల ఉండగానే మైనస్ గుర్తు, పెద్ద ఎస్ కొట్టండి. ఒక మనిషికి ఒకే లైన్ వస్తుంది, పక్కకు చూడాలంటే కుడి బాణం. మైనస్, పెద్ద ఎన్ కొడితే లైన్ నంబర్లు వస్తాయి. ‘ఫలానా 812వ లైన్ చూడండి’ అని ఫోన్లో చెప్పుకోవచ్చు.

గోదావరి జిల్లాల జాబితాలతో ఇంకో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకుముందు ఫైళ్లలో అమలాపురం, కాకినాడ అన్నీ తూర్పు గోదావరే. ఇప్పుడు అమలాపురం కోనసీమ జిల్లా, కాకినాడ సొంత జిల్లా. ఇక కొవ్వూరు, నిడదవోలు పశ్చిమ నుంచి తూర్పుకి వచ్చాయి. నగరం పేరు కూడా అంతే, కొన్ని ఫైళ్లలో రాజమండ్రి, కొన్నిట్లో రాజమహేంద్రవరం. ఒక్క పేరుతో వెతికితే సగమే దొరుకుతాయి. లెస్‌లో రెండు పేర్ల మధ్య నిలువు గీత పెట్టి ఒకేసారి వెతకొచ్చు. ఇలా: /రాజమండ్రి|రాజమహేంద్రవరం. ఏది దొరికినా ఆగుతుంది.

తెలుగు ఫైల్ తెరిస్తే పిచ్చి గుర్తులు ఎందుకు?

తెలుగు టెక్స్ట్ తెరిచినప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు మూడు రకాలు. మూడింటికీ కారణాలు వేరు. కానీ అందరూ ‘ఫైల్ కరప్ట్ అయింది’ అని ఒకే మాట అనేస్తారు.

మొదటిది. కంప్యూటర్ తెలుగును యూనికోడ్ అనే పద్ధతిలో దాచుకుంటుంది. ‘గోదావరి’ మన కంటికి నాలుగక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి.. మొత్తం 7 కోడ్‌లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో కోడ్‌కు 3 బైట్లు. అంటే గోదావరి రాయడానికి 21 బైట్లు పడతాయి. ఫైల్ తెరిచే ప్రోగ్రామ్‌కు ఇది యూటీఎఫ్-8 అని తెలియకపోతే ఒక్కో బైట్‌ను ఒక్కో ఇంగ్లిష్ గుర్తుగా చూపిస్తుంది. తెలుగు సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచినప్పుడు ‘ఏ’ అక్షరం మీద చిన్న గీత, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఏ’.. ఇలా పేజీ నిండా కనిపించిందా? తెలుగు అక్షరాల మొదటి రెండు బైట్లు ఎక్కువగా ఆ రెండు గుర్తులకే సరిపోతాయి. అందుకే ఆ ముగ్గు. ఫైల్ మాత్రం శుభ్రంగా ఉన్నట్టే. లెస్‌లో అయితే ఇదే సమస్య కోణపు బ్రాకెట్ల మధ్య కోడ్‌ల రూపంలో కనిపిస్తుంది. టెర్మినల్ భాష సెట్టింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చినా, ‘లెస్‌క్యార్‌సెట్’ అనే సెట్టింగ్‌కు యూటీఎఫ్-8 అని విలువ ఇచ్చినా తెలుగు బయటపడుతుంది.

రెండోది డీటీపీ షాపుల ఫైళ్లతో వస్తుంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కొట్టే చోట చాలాకాలంగా అను ఫాంట్లు వాడుతున్నారు. అవి యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పాత పద్ధతి. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లోనే తెలుగు. తీసి టెక్స్ట్ ఫైల్‌లో పెడితే ఇక అది అర్థం లేని ఇంగ్లిష్. లెస్‌లో తెరిస్తే ‘ఇది బైనరీ ఫైల్ కావచ్చు, అయినా చూస్తారా?’ అని ఇంగ్లిష్‌లో అడగొచ్చు. సెట్టింగ్ మార్చితే పోయే సమస్య కాదిది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఉండాల్సిందే.

మూడోది కాస్త విచిత్రం. అక్షరాలు తెలుగే, కానీ ఒత్తులు ఓ చోట, గుణింతాలు ఓ చోట. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ ఓ గడిలో కూర్చోబెడుతుంది. ఇంగ్లిష్‌కు ఆ గళ్లు సరిపోతాయి. ‘స్త్రీ’ని ఏ గడిలో పెట్టాలో చాలా టెర్మినళ్లకు ఇప్పటికీ సరిగ్గా రాదు. ఇందులో లెస్ తప్పేమీ లేదు, ఫైల్ తప్పూ లేదు. విండోస్‌లో చాలా ఏళ్లుగా వస్తున్న తెలుగు ఫాంట్ పేరు ‘గౌతమి’. మన గోదావరి పాయ పేరే. అంత దూరం వెళ్లిన తెలుగు, టెర్మినల్ గళ్ల దగ్గర మాత్రం ఇంకా ఇరుకు పడుతూనే ఉంది.

వెతకడంలోనూ తెలుగుకు ఓ చిక్కుంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట పొల్లుకు, వే అక్షరానికి మధ్య కంటికి కనిపించని ఓ కోడ్ ఉంటుంది. అది లేకపోతే వే వెళ్లి ఒత్తుగా అతుక్కుంటుంది. ఫైల్‌లో ఆ కోడ్ ఉండి, మనం అది లేకుండా వెతికితే ‘ప్యాటర్న్ నాట్ ఫౌండ్’ అంటుంది. అలాంటప్పుడు మాటలో ఓ ముక్క, ‘సాఫ్ట్’ వరకు ఇచ్చి వెతికితే దొరుకుతుంది. లెస్ కొన్ని వెర్షన్లలో ఆ కనిపించని కోడ్‌ను కోణపు బ్రాకెట్లలో బయటపెట్టి చూపిస్తుంది. చూడ్డానికి చికాకుగా ఉన్నా, ఎందుకు దొరకలేదో అప్పుడు తెలుస్తుంది.

ఉద్యోగం పోగొట్టే పొరపాటు ఇదీ

లెస్ ఏమీ మార్చదు కదా, ఎవరికైనా ఇచ్చేయొచ్చు అనుకుంటే పొరపాటే. సర్వర్‌లో లాగ్ ఫైళ్లు అందరికీ తెరుచుకోవు. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. అప్పుడు చాలామంది చేసేది ముందు ‘సుడో’ తగిలించడం. అంటే సిస్టమ్ యజమాని అధికారంతో లెస్ నడపడం అన్నమాట.

లెస్ లోపల ఆశ్చర్యార్థకం కొట్టి ఏ కమాండ్ ఇచ్చినా అది నడిపిస్తుంది. మామూలు యూజర్‌గా తెరిస్తే మామూలు అధికారంతో నడుస్తుంది. సుడోతో తెరిస్తే? పూర్తి అధికారంతో నడుస్తుంది. ‘కొత్త కుర్రాడికి ఫైల్ చూసే అనుమతి మాత్రమే ఇచ్చాం’ అని అనుకుంటారు కానీ, నిజానికి సర్వర్ తాళాల గుత్తి మొత్తం ఇచ్చేసినట్టే. సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్లు ముందుగా వెతికే దారుల్లో ఇదొకటి.

దీనికి మందు కూడా ఉంది. ఉబుంటు, డెబియన్ సిస్టమ్‌లలో చాలా లాగ్‌లు చదవడానికి ‘ఏడీఎమ్’ అనే గ్రూప్‌లో యూజర్‌ను చేరిస్తే చాలు, సుడో అక్కర్లేదు. తప్పనిసరిగా సుడో ఇవ్వాల్సి వస్తే ‘లెస్‌సెక్యూర్’ సెట్టింగ్‌ను 1గా పెడితే లోపలి నుంచి కమాండ్లు నడపడం, ఎడిటర్ తెరవడం ఆగిపోతాయి. అయితే ఆ సెట్టింగ్ యూజర్ చేతిలో కాకుండా అడ్మిన్ చేతిలో ఉండాలి.

ఇంకో సంగతి. లెస్‌లో 2024 ఏప్రిల్‌లో ఓ లోపం బయటపడింది. సీవీఈ-2024-32487 అని దానికి నంబర్. ఫైల్ పేరులోనే లైన్ బ్రేక్ దాచి, ఆ ఫైల్‌ను లెస్‌తో తెరిపిస్తే, దాడి చేసేవాళ్ల కమాండ్ నడిచే వీలుండేది. 653 వరకు వచ్చిన వెర్షన్లన్నిటికీ ఆ లోపం ఉంది, తర్వాత సరిచేశారు. ఎవరో పంపిన జిప్ ఫైల్ విప్పి, అందులో వింత పేరున్న ఫైల్ తెరిచే ముందు సిస్టమ్ అప్‌డేట్ అయిందో లేదో చూసుకోండి. లెస్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్, పెద్ద వీ ఇస్తే వెర్షన్ నంబర్ కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూషన్లు పాత నంబర్ మీదే లోపం సరిచేసి ఇస్తుంటాయి కాబట్టి, నంబర్ కంటే అప్‌డేట్లు పెట్టారా లేదా అన్నదే ముఖ్యం.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్ చాలు

డిగ్రీ చదివే చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్లేదాకా లైనక్స్ ముఖం చూడనివాళ్లూ ఉంటారు. పెద్ద లాగ్ ఫైల్ ఇస్తే ఎలా చూస్తారు అనే ప్రశ్న సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మామూలే. క్యాట్ అని చెప్పి ఆగిపోయినవాళ్లకూ, లెస్ తెరిచి ఎలా వెతకాలో చేసి చూపించినవాళ్లకూ తేడా అక్కడే తెలిసిపోతుంది. దీనికి ప్రాక్టీస్ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే చేయొచ్చు.

ఎఫ్-డ్రాయిడ్ సైట్ నుంచి ‘టెర్మక్స్’ యాప్ వేసుకుంటే ఫోన్‌లోనే లైనక్స్ కమాండ్లు నడుస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్ రూట్ చేయక్కర్లేదు. యాప్ వేశాక ‘టెర్మక్స్ సెటప్ స్టోరేజ్’ కమాండ్‌ను మూడు మాటల మధ్య చిన్న గీతలతో కొట్టి, అనుమతి ఇస్తే ఫోన్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ‘స్టోరేజ్’ అనే పేరు కింద కనిపిస్తుంది. ఫోన్ కీబోర్డులో కంట్రోల్ కీ ఉండదు కదా? తెర మీద అదనపు కీల వరుసలో ఉంటుంది. లేదంటే వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని సీ నొక్కితే కంట్రోల్-సీ అయినట్టే.

మరి చూడ్డానికి పెద్ద ఫైల్ ఎక్కడ దొరుకుతుంది? మీ ఫోన్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ఏదైనా గ్రూప్ తెరిచి, మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి, మీడియా లేకుండా అని ఎంచుకోండి. 40 వేల మెసేజ్‌ల వరకు టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది. దాన్ని డౌన్‌లోడ్స్‌లో సేవ్ చేసుకుని లెస్‌తో తెరవండి. ఫైల్ పేరులో ఖాళీలు ఉంటాయి కాబట్టి మొత్తం పేరును కోట్స్ మధ్య పెట్టాలి. రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు అదే పూర్తవుతుంది.

ఇక వెతకడమే. బంధువుల గ్రూప్ అయితే ‘పెళ్లి’ అని వెతకండి. స్నేహితుల గ్రూప్ అయితే & కొట్టి ఒక్కరి పేరు ఇవ్వండి, వాళ్లు పెట్టిన మెసేజ్‌లే వరసగా వస్తాయి. ఒక మెసేజ్ రెండు మూడు లైన్లు ఉంటే, పేరున్న మొదటి లైన్ మాత్రమే కనిపిస్తుందని గుర్తుంచుకోండి. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న లెక్కల్లో గొడవ వస్తే ‘రూపాయలు’ అని ఓసారి, ‘ఫోన్‌పే’ అని ఓసారి వెతికితే పాత మెసేజ్‌లన్నీ తేదీలతో సహా బయటికొస్తాయి. ప్రాక్టీస్ అయ్యాక ఆ ఫైల్ డిలీట్ చేయడం మర్చిపోవద్దు. అందులో అందరి మాటలూ, నంబర్లూ ఉంటాయి.

విండోస్ వాడేవాళ్లకు కమాండ్ ప్రాంప్ట్‌లో డాస్ కాలం నాటి మోర్ ఇప్పటికీ ఉంది. లెస్ కావాలంటే గిట్ ఫర్ విండోస్ వేసుకుంటే దాంతో పాటే వస్తుంది. మ్యాక్‌లో ముందే ఉంటుంది. జీజెడ్ అని చివర ఉన్న కుదించిన లాగ్ ఫైళ్లను విప్పకుండానే చూడాలంటే ‘జెడ్‌లెస్’ అని కొట్టండి. లోపల కీలన్నీ ఇవే, బయటికి రావడానికి ఇక్కడా క్యూ నే.